మిషన్ పెట్టించినంక కూడా సైగలెందుకు?

పుట్టుకతో వినపడని మా పాప కుడిచెవి వెనక కాక్లియర్ ఇంప్లాంట్ మిషన్ చూసినవాళ్ళు, ఆ వెంటనే మేము చేతులతో మాట్లాడుకోవడం చూస్తే తప్పకుండా ఒక మాట అడుగుతారు. "ఆపరేషన్ అయింది గదా, ఇంక గీ సైగలెందుకు?" బస్టాండులో అడుగుతారు, పెళ్ళిళ్ళలో అడుగుతారు, బడి గేటు దగ్గర అడుగుతారు. మొన్నొక చదువుకున్న పెద్దమనిషి, "సైగలు అలవాటైతే మాటలు రావు, బిడ్డను మీరే చెడగొడుతున్నరు" అని నా మొహం మీదే అన్నాడు. బస్సు తీసే టైం అయింది, నిలబడి చెప్పేంత వీలు లేదు. ఆయనకు చెప్పాల్సిందంతా ఇక్కడ రాస్తున్నాను.

నేను దేవరకొండ డిపోలో అద్దె బస్సు డ్రైవర్‌ని. ఎక్కువగా హైదరాబాద్ రూటే. కొండమల్లేపల్లి, చింతపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా ఎంజీబీఎస్. పాప 2017లో పుట్టింది. ఇప్పుడు మూడో తరగతి చదువుతోంది.

పాపకు వినపడదని మాకు హారన్ వల్ల తెలిసింది. ఏడాది దాటినా పిలిస్తే తిరిగేది కాదు. కొందరు పిల్లలు లేటుగా మాట్లాడతారులే అని ఇంట్లో అనుకుంటూ వచ్చారు. ఒకరోజు చుట్టాలింటికి పోతూ బస్టాండులో బస్సెక్కి కూర్చున్నాం. పాప తల్లి ఒళ్ళో నిద్రపోతోంది. పక్కనే ఆగిన బండివాడు ఎయిర్ హారన్ కొట్టాడు. మా ముందు సీట్లో పసివాడు ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు. మా పాప కనురెప్ప కూడా కదల్లేదు. నా భార్య నా మొహంలోకి చూసింది. ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. మరుసటి వారం కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్ళాం.

అక్కడ బెరా పరీక్ష చేశారు. పాపను నిద్రపుచ్చి, తలకు వైర్లు అంటించి, చెవిలో చప్పుడు పెంచుకుంటూ పోతారు. వినపడితే నరంలో కదలిక గీతగా కనిపించాలి. 90 డెసిబెల్స్ దాటినా రెండు చెవులకూ గీత రాలేదు. కొన్ని నెలలు మామూలు వినికిడి మిషన్లు పెట్టి చూశారు, వాటితో లాభం లేదన్నారు.

ఊళ్ళో మాత్రం ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పారు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయటికొచ్చిందన్నారు. నల్లగొండ జిల్లా కాబట్టి ఫ్లోరైడ్ నీళ్ళే అన్నారు. ఎటు తిప్పినా తప్పు తల్లి మీదికే తెచ్చేవారు. నా భార్య మా మేనత్త కూతురు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు మాకు కాగితం మీద గీసి చెప్పింది. చెవి లోపలి భాగం పని చేయడానికి కనెక్సిన్ 26 అనే ప్రొటీన్ కావాలి. దాన్ని తయారు చేసే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. రెండింటిలోనూ లోపం ఉంటేనే బిడ్డకు వినపడదు. ఒక్కదాంట్లోనే ఉన్న మా ఇద్దరికీ బాగానే వినపడుతుంది. ఒకే వంశంలో ఇచ్చిపుచ్చుకుంటే ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. అంటే పాపకు వచ్చినదాంట్లో సగం నాది. ఈ మాట నేను మా వాడకట్టులో నలుగురి ముందు నిలబడి చెప్పాను. ఎందుకంటే ఆ రోజుల్లో నా భార్య బోరింగు దగ్గరికి పోవడం కూడా మానేసింది.

ఆ మిషన్ల ట్రయల్ నడుస్తున్నప్పుడే ఒక సాయంత్రం ట్రిప్పులో ఒక జంట ఎక్కారు. ఎంజీబీఎస్ నుంచే బస్సు నిండిపోయింది. ఆమెకు ముందు, ఇంజన్ పక్కన సీటు దొరికింది. ఆయన వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. కండక్టరు టికెట్ టికెట్ అని అరుస్తున్నాడు, ఎవరి ఫోన్లో వాళ్ళు పాటలు పెట్టుకున్నారు, పక్కవాడితో మాట్లాడాలన్నా గొంతు చించుకోవాలి. అద్దంలో చూస్తే వీళ్ళిద్దరూ బస్సు ఆ చివర నుంచి ఈ చివరకు చేతులతో మాట్లాడుకుంటున్నారు. ఆమె ఏదో పెద్ద కథే చెప్పింది. ఆయన తల వెనక్కి వాల్చి నవ్వాడు. ఏదో ఎదురడిగాడు. ఆమె కనుబొమలు పైకెత్తి జవాబిచ్చింది. అంత మంది వినపడేవాళ్ళున్న బస్సులో హాయిగా మాట్లాడుకుంటున్నది వాళ్ళిద్దరే. నాకు ఇబ్రహీంపట్నం దాకా ఒకటే ఆలోచన. నా బిడ్డ ఇలా నవ్వాలంటే ఏం చేయాలి?

మాల్ దగ్గర టీకి ఆపినప్పుడు కండక్టరు దగ్గర పెన్ను అడిగి, ఒక కాగితం మీద "మా పాపకు వినపడదు. మీ భాష నేర్పిస్తారా?" అని రాసి ఆయన చేతికిచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, భార్యకు చూపించి, కింద "ఆదివారం వస్త. ఇల్లు ఎక్కడ" అని రాశాడు. టైలరింగ్ చేస్తాడని, వాళ్ళదీ దేవరకొండ పక్క ఊరేనని తర్వాత తెలిసింది.

ఆదివారం వాళ్ళు కొడుకును కూడా తెచ్చారు. ఆరేళ్ళవాడు. వాడికి వినపడుతుంది. ఇంట్లోకి రాగానే మా అమ్మతో "నానమ్మా, మంచినీళ్ళిస్తవా?" అన్నాడు, అటు తిరిగి అదే మాట వాళ్ళమ్మకు చేతులతో చెప్పాడు. అప్పటికి మా ఇంట్లో సైగలు వద్దనే వాళ్ళలో మా అమ్మే ముందు. సైగలు చూస్తే జనం పిల్లను వెక్కిరిస్తారని ఆమె భయం. వాడు గలగలా తెలుగు మాట్లాడుతూ, అంతే వేగంగా చేతులు తిప్పుతుంటే రెప్ప వేయకుండా చూసింది. నా భార్య మెల్లగా అడిగింది. "అత్తా, సైగలతోటి మాటలు ఆగిపోయేటివైతే ఈ పిల్లగానికెట్ల వచ్చినయి?" మా అమ్మ జవాబు చెప్పలేదు. కాసేపటికి ఆ పిల్లవాణ్ణి దగ్గరికి పిలిచి, నీళ్ళను ఎట్ల చూపిస్తరు బిడ్డా అని అడిగింది.

నాకు తెలిసి "సైగలు మాటను ఆపుతాయి" అనే వాదానికి ఇంతకంటే సూటైన జవాబు లేదు. ఆ పిల్లవాడు పుట్టిన దగ్గర నుంచి ఇంట్లో చూసింది సైగలే. చెవి పని చేస్తోంది కాబట్టి మాటలూ వచ్చాయి. మాట రాకపోవడానికి కారణం చెవికి చప్పుడు అందకపోవడం. చేతుల తప్పేమీ లేదు.

కొన్ని వారాల్లోనే పాప చేతులు కదిలించడం మొదలుపెట్టింది. నేను డ్యూటీకి పోయినప్పుడు తల్లి దగ్గరికి వెళ్ళి స్టీరింగ్ తిప్పినట్టు చేసి, తలుపు వైపు చూపించిందట. నాన్న ఏడీ అని. అప్పటిదాకా పాపకు ఏం కావాలో మేము ఊహించేవాళ్ళం, ఊహ తప్పితే నేలమీద పడి తల కొట్టుకునేది. ఆ ఏడుపులు తగ్గిపోయాయి. టైలర్ అన్న నాకు పెట్టిన పేరు కూడా ఆ స్టీరింగే. వాళ్ళ స్నేహితులందరిలో నేనెవరో చెప్పాలంటే ఇప్పటికీ అలాగే చూపిస్తారు.

ఆపరేషన్ 2020 జనవరిలో అయింది. ఆరోగ్యశ్రీ కింద. అది లేకపోతే లక్షల్లో ఖర్చయ్యే పని, మా వల్ల అయ్యేది కాదు. ఆపరేషన్ తర్వాత మిషన్‌ను పాపకు తగ్గట్టు సెట్ చేసే మ్యాపింగ్, వినడం మాట్లాడటం నేర్పే థెరపీ కూడా ప్యాకేజీలో ఉన్నాయి. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రం వాళ్ళ ఏడిప్ పథకం కింద కూడా ఐదేళ్ళలోపు పిల్లలకు చేస్తారు. వినపడదని తేలిన పిల్లలున్నవాళ్ళు వెంటనే తిరగడం మొదలుపెట్టండి. చెవి నుంచి చప్పుడు అందకుండా ఏళ్ళు గడిస్తే మెదడు వినడం నేర్చుకునే శక్తి తగ్గిపోతుంది. ఈ విషయంలో డాక్టర్లు చెప్పేది ముమ్మాటికీ నిజం. సైగలు వచ్చాయి కదా అని ఆపరేషన్ మానుకోమని నేను ఎవరికీ చెప్పను.

మిషన్ ఎలా పని చేస్తుందో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని కళ్ళద్దాల్లాంటిది అనుకుంటారు, పెట్టుకోగానే అంతా సరి అని. బయట చెవి వెనక ఉండే భాగం మైకుతో చప్పుడు పట్టి, దాన్ని కోడ్‌గా మారుస్తుంది. తలకు అయస్కాంతంతో అంటుకునే కాయిల్ ఆ కోడ్‌ను చర్మం లోపలున్న ఇంప్లాంట్‌కు పంపుతుంది. అక్కడి నుంచి సన్నటి తీగ లోపలి చెవిలోని కాక్లియాలోకి పోయి నేరుగా నరానికి కరెంటు అందిస్తుంది. మామూలు చెవిలో చప్పుడును పట్టే రోమకణాలు సుమారు 15 వేలుంటాయి. వాటి బదులు ఈ తీగ మీద ఉండేవి కంపెనీని బట్టి 12, 16 లేదా 22 ఎలక్ట్రోడ్లు. అన్ని వేల కణాలు చేసే పని ఈ కొన్ని ఎలక్ట్రోడ్లతోనే చేయాలి. అందుకే అది విన్నదేమిటో మెదడు ఏళ్ళ తరబడి నేర్చుకోవాలి.

ఫిబ్రవరిలో మిషన్ మొదటిసారి స్విచ్ ఆన్ చేసిన రోజు పాప బెదిరిపోయి ఏడ్చింది. ఫోన్లలో తిరిగే వీడియోల్లో లాగా నవ్వులేమీ లేవు.

తర్వాత థెరపీకి వెళ్ళిన ఒకచోట మొదటి రోజే చెప్పారు, ఈ రోజుతో ఇంట్లో సైగలు బంద్ అని. పాప చెయ్యి ఎత్తితే మీరు చూడనట్టు ఉండండి అన్నారు. లోపల గదిలో పాప నీళ్ళు కావాలని సైగ చేస్తే, రెండు చేతులూ పట్టుకుని ఒళ్ళో పెట్టి, నోటితో అడగమన్నారు. ఇంకా ఒక్క మాట రాని బిడ్డ. చెవి వారం కిందట తెరుచుకుంది. పాప తల్లి వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. నా భార్య లేచి పాపను ఎత్తుకుంది. "బావా, పోదాం పా" అంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కంటితో పని జరిగిపోతే చెవికి శ్రద్ధ ఉండదన్నది వాళ్ళ లెక్క. వినే అభ్యాసం గట్టిగా చేయించాలన్నంత వరకు ఆ లెక్క సరైనదే. కానీ దాని కోసం దాహమైన బిడ్డ చేతులు పట్టుకోవడం తప్పు, నేను ఎవరి ముందైనా ఈ మాటే అంటాను.

ఈ పట్టుదల పాతదే. 1880లో మిలాన్‌లో బధిరుల చదువు గురించి జరిగిన అంతర్జాతీయ మహాసభ, బడుల్లో సైగలు వద్దు, నోటి మాటే నేర్పాలని తీర్మానించింది. చేయి ఎత్తినవాళ్ళలో దాదాపు అందరూ వినపడేవాళ్ళే. దాంతో తరాల పిల్లల చేతులు కట్టేశారు. 2010లో వాంకూవర్‌లో అదే మహాసభ ఆ తీర్మానాలను కాదని, జరిగినదానికి విచారం తెలిపింది. నూట ముప్పై ఏళ్ళు. టైలర్ అన్నకు ఈ సంగతి చెప్తే, చిన్నప్పుడు బడిలో సైగ చేసినందుకు మెటికల మీద స్కేలుతో కొట్టినచోటు చూపించాడు.

మేము వేరే చోట చేరాం. అక్కడి మేడం చాలా ఓపికగా చెప్పేది, సైగల గురించి పట్టింపు లేదు. చేరి నిండా నెల కాకముందే లాక్‌డౌన్ వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. నేను ఇంట్లోనే. మేడం ఫోన్లో చెప్పేది, మేం చేసేవాళ్ళం. పొద్దున కాయిల్ పెట్టగానే ఆరు శబ్దాలతో మొదలు: ఆ, ఈ, ఊ, ష్, స్, మ్. మాటల్లోని సన్నటి ధ్వని నుంచి మందపు ధ్వని దాకా ఈ ఆరింటిలో వచ్చేస్తాయట. మేము వెనక నిలబడి ఒక్కోటి పలకాలి, వినపడిన ప్రతిసారీ పాప గిన్నెలో చింతగింజ వేయాలి. "స్" దగ్గర చాలా రోజులు గింజ చేతిలోనే ఉండిపోయేది. మ్యాపింగ్ మళ్ళీ చేయించాక పడింది.

సైగలు మాటకు ఎలా పనికొచ్చాయో నేను కళ్ళారా చూసింది ఆ లాక్‌డౌన్‌లోనే. ఒకరోజు పెరట్లో పాప ఆగిపోయి, చెవి చూపించి, "ఏంటది?" అని సైగ చేసింది. గోడ మీద కాకి. కాకిని చూపించాం, కాకి సైగ చేశాం, నోటితో "కాకి" అన్నాం. మళ్ళీ అరిచింది. పాప తనే కాకి సైగ చేసింది. ఆ తర్వాత కుక్కర్ విజిల్, ట్రాక్టర్, నానమ్మ దగ్గు, అన్నీ అడిగేది. ప్రశ్న వేయడానికి దాని దగ్గర భాష ఉంది కాబట్టి అడగగలిగింది. కొత్తగా వచ్చి పడుతున్న చప్పుళ్ళలో ఏది ఏమిటో మేము చెప్పగలిగాం. ఆ భాషే లేకపోతే ఆ చప్పుళ్ళ మధ్య బిడ్డ ఎంత గాభరా పడేదో. పాప నోటి నుంచి అర్థమయ్యేట్టు వచ్చిన మొదటి మాట కూడా "కాకి"యే. చేతితో సైగ చేస్తూనే అంది.

ఇప్పుడు పాప మాట్లాడుతుంది. ఇంట్లోవాళ్ళకు అంతా అర్థమవుతుంది, కొత్తవాళ్ళకు కొంత పోతుంది. నిశ్శబ్దమైన గదిలో ఎదురుగా కూర్చుని చెప్తే బాగా వింటుంది. ఫ్యాన్లు తిరుగుతూ నలభై మంది పిల్లలున్న తరగతిలో సగం జారిపోతుంది. నా బస్సులో అయితే ఏమీ తెలియదు. స్నానానికి మిషన్ తీయాలి. ఎండాకాలం చెమటకు తీసి తుడవాలి. రాత్రి తీసి తేమ పోయే డబ్బాలో పెట్టాలి. అప్పుడు మళ్ళీ ఏమీ వినపడదు. ఆపరేషన్ అయినా మా పాప బధిర బాలికే. ఇది ఒప్పుకోవడానికి చాలామంది తల్లిదండ్రులకు మనసు రాదు, అందుకే సైగలంటే భయపడతారు.

ఒక అర్ధరాత్రి పాప లేచి నన్ను తట్టింది. మిషన్ డబ్బాలో ఉంది. లైటు వేసి చూస్తే ఒళ్ళు కాలిపోతోంది. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, వాంతి వచ్చేట్టుందా, అన్నీ అడిగాను, అన్నీ చెప్పింది. ఆ ఇంట్లో సైగలు లేకపోయుంటే వణుకుతున్న పిల్ల తలకు ముందు మిషన్ తగిలించాలి. అప్పటి నుంచి మా గదిలో జీరో బల్బు ఆర్పము. కరెంటు పోతే అరచేతిలో సైగ చేస్తే చేయి పట్టుకుని తెలుసుకుంటుంది.

పోయినేడు కాయిల్ కేబుల్ తెగింది. కొత్తది రావడానికి రోజులు పట్టింది. ఖర్చు సంగతి వేరు, వారంటీ అయిపోయాక కేబులైనా కాయిలైనా వేలల్లోనే. కానీ ఆ రోజుల్లో పాప ఎప్పటిలాగే బడికి పోయింది, ఇంటికొచ్చి జరిగినవన్నీ చెప్పింది. తోటి పిల్లలు దాదాపు అందరూ కొన్ని సైగలు నేర్చుకున్నారు, గ్రౌండ్‌లో ఆ చివర నుంచి ఈ చివరకు వాటితోనే మాట్లాడుకుంటారు. క్లాస్ టీచర్ కూడా తనంతట తను నేర్చుకుంటోంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రం వాళ్ళ సాయమూ ఉంది. ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో పెట్టారు. వాళ్ళ నిఘంటువు 2018లో 3,000 పదాలతో మొదలై 2021కి 10,000 పదాలకు చేరింది, వీడియోలు ఫోన్లోనే చూడొచ్చు. 2024 డిసెంబరులో కేంద్రం వాళ్ళ చదువుల టీవీ పీఎం ఈ-విద్యలో 31వ నంబర్ ఛానల్‌ను సైగల భాష కోసమే తెచ్చారు. నా భార్య రాత్రిపూట కూర్చుని రోజుకు కొన్ని నేర్చుకుంటుంది. కొన్ని సైగలు మన దగ్గర వేరుగా ఉంటాయి, అప్పుడు టైలర్ అన్న వాళ్ళను అడుగుతుంది. తెలుగువాళ్ళకు ఇది అనుకున్నంత కష్టం కాదు. "నీ పేరు ఏంటి" అన్న వరుసే అక్కడా వస్తుంది, ప్రశ్న చివరికే పోతుంది. నాకు కష్టమైంది మొహమే. కోపం, అనుమానం, ప్రశ్న అన్నీ మొహంలో కనపడాలి. మొహం బిగించుకుని బస్సు నడిపేవాడికి అది రావడానికి టైం పట్టింది.

పాపకు ఆ కుటుంబంతో స్నేహం వల్ల జరిగిన మేలు నేను మొదట ఊహించనిది. పెద్ద బధిరులను ఎన్నడూ చూడని పిల్లలు కొందరు, పెద్దయితే తమకూ వినపడుతుందని అనుకుంటారట. మా పాపకు ఆ భ్రమ లేదు. దాని కళ్ళ ముందు టైలర్ మామ ఉన్నాడు, బ్లౌజులు కుడుతూ పండుగలప్పుడు ఇద్దరు మనుషులను పెట్టుకునే అత్త ఉంది. ఈ మధ్య ఒకరోజు, "మామకు మిషన్ ఎందుకు లేదు?" అని అడిగింది. ఆయన చిన్నప్పుడు ఇక్కడ ఇవి లేవని చెప్పాం. కాసేపు ఆలోచించి, "పెద్దయినాక నేను తీసేస్తానంటే?" అంది. నా భార్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత తిరిగి, ఇంత కష్టపడి పెట్టించుకున్నది. అయినా ఆమే ముందు జవాబిచ్చింది, "అప్పుడు నీ ఇష్టం" అని. నేనూ అదే సైగ చేశాను. మాటలు నేర్పించే బాధ్యత మాది, సైగలు నేర్పించే బాధ్యత కూడా మాదే. వాటిలో ఎప్పుడు ఏది వాడాలో పాపే తేల్చుకుంటుంది.

మొన్న ఒక పెళ్ళిలో డీజే పెట్టారు. పాప చప్పుడు భరించలేక కాయిల్ తీసి తల్లి చేతికిచ్చింది. భోజనాల దగ్గర మేమంతా పక్కవాడి చెవిలో అరుచుకుంటుంటే, పాప, వాళ్ళమ్మ, మా అమ్మ ముగ్గురూ పెళ్ళికూతురి నగల గురించి చేతులతో తీరిగ్గా మాట్లాడుకున్నారు. సైగలు చూస్తే జనం వెక్కిరిస్తారన్న మా అమ్మ, ఇప్పుడు పాపతో పాటు టైలర్ అన్న భార్యతో కూడా సైగలతోనే కష్టసుఖాలు చెప్పుకుంటుంది.

దేవరకొండ, కొండమల్లేపల్లి, చింతపల్లి వైపు వినపడని పిల్లలున్నవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, ఆదివారం పూట మా ఇంటికి రండి. బస్టాండులో అద్దె బస్సుల డ్రైవర్లను ఎవరినడిగినా ఇల్లు చెప్తారు. టైలర్ అన్న వాళ్ళు పది దాటాక వస్తారు. ఆపరేషన్ అయినా కాకపోయినా పిల్లలను తీసుకురండి. వైకల్య సర్టిఫికెట్ (సదరం), ఆరోగ్యశ్రీ కాగితాల సంగతి నేను చెప్తాను, స్లాట్ ఎప్పుడు బుక్ చేయాలో, ఏ రిపోర్టులు దగ్గర పెట్టుకోవాలో రాసి ఉంచాను. సైగలు వద్దనే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళను కూడా వెంట తెచ్చుకోండి, వాళ్ళతో మా అమ్మ మాట్లాడుతుంది.